చూసి పెట్టాల్సిన నీళ్లు, కొలిచి వేయాల్సిన ఎరువు

రోహిణి కార్తెలో హైదరాబాద్ కార్వాన్ మేడల మీద సాయంత్రం ఆరయ్యేసరికి ఒకటే పని. పైపు పట్టుకుని కుండీలు నిండేదాకా నీళ్లు పోయడం. టోలి మసీదు వెనక గల్లీల నుంచి ఇటు జియాగూడ, అటు గుడిమల్కాపూర్ దాకా, కాస్త డాబా జాగా ఉన్న చాలా ఇళ్లలో ఓ బీర తీగో, సొర పాదో, దొండ పందిరో కనిపిస్తుంది. పెంచేవాళ్లకు ప్రేమ తక్కువేమీ కాదు. ఎండలో వాడిన ఆకు చూస్తే మనసు ఆగదు, నీళ్లు పోస్తారు. తీగ పాలిపోయినట్టు అనిపిస్తే ఓ పిడికెడు యూరియా చల్లుతారు. అంత చేసినా ఆకులు గుబురుగా పెరిగి కాయ నిలవదు, లేదంటే వేరు కుళ్లి వారంలోనే తీగ ఎండిపోతుంది.

ఈ పుస్తకంలో ఇంతదాకా నిద్ర గురించి, డబ్బు గురించి, మాట గురించి చెప్పుకున్నాం. ఈ అధ్యాయం పందిరి గురించి. బాధ్యత తీసుకున్నవాళ్లు ఎప్పుడు చెయ్యి చాపాలో, ఎప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలో ఇంత త్వరగా, ఇంత స్పష్టంగా నేర్పే పని ఇంకొకటి నాకు కనిపించలేదు. పందిరి మీద మీరు చేసినదానికి జవాబు పది రోజుల్లో వస్తుంది.

కార్తెలు అవే, వాన వేరు

మన పెద్దలకు నీళ్ల లెక్క కార్తెల్లో ఉండేది. రోహిణిలో ఎండ, మృగశిరతో చేపల కూర, తొలకరి, విత్తనం. ఆ పంచాంగం తప్పని నేను అనను. వాన పడే తీరు మాత్రం మారింది.

2023 వానాకాలమే తీసుకోండి. జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. అంటే మనకు ఏడాదిలో పడేదాంట్లో ముప్పాతిక వంతుకు పైగా అక్కడ ఒక్క రోజులో పడింది. అది పుష్యమి కార్తె. వెనకే వచ్చిన ఆశ్లేష, మఖ కార్తెల్లో మబ్బు ముఖం చాటేసింది. దేశం మొత్తం మీద చూస్తే 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. ఒకే రుతువులో రెండు కొసలూ చూశాం. ఆ మరుసటి ఏడాది 2024, 1901 నుంచే ఉన్న ఉష్ణోగ్రత రికార్డుల్లో దేశానికి అత్యంత వేడి సంవత్సరంగా నమోదైంది.

మన నగరం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో బేగంపేటలో ఒక్క రోజులో సుమారు 190 మిల్లీమీటర్ల వాన పడింది. టోలీచౌకి దగ్గరి నదీమ్ కాలనీ రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. ఇళ్లు మునిగినవాళ్ల బాధ ముందు కుండీల సంగతి ఎంత? కానీ అలాంటి వాన వచ్చినప్పుడల్లా మేడ మీది తొట్టిలో వేరు కూడా మునుగుతుంది. తీగ జాతి కూరగాయల వేరు ఒక పగలూ రాత్రీ నీళ్లలో నిలిచిందంటే గాలి ఆడక చచ్చిపోవడం మొదలవుతుంది.

కాబట్టి "రోజూ ఒక బకెట్టు", "నెలకోసారి ఎరువు" లాంటి స్థిరమైన మాటలు ఇక పనిచేయవు. ఆ రోజు ఎండను, ఆ వారం వానను చూసి నిర్ణయం తీసుకోవాలి. అది నేర్చుకోవచ్చు, కష్టమేమీ కాదు.

దూరాన ఉన్న తీగల కథ

ఇదే కష్టం ఇంకో తీగకు ఎలా వచ్చిందో చూస్తే మన పని తేలిగ్గా అర్థమవుతుంది. బీరుకు చేదునూ సువాసననూ ఇచ్చేది హాప్స్ అనే తీగ పువ్వు. అది చలి ప్రాంతపు పంట. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో కొద్దిగా పండుతుంది, తెలంగాణ ఎండకు నిలిచేది కాదు. జర్మనీలో మ్యూనిక్‌కు ఉత్తరాన ఉన్న హాలర్టావ్ ప్రాంతంలో, చెక్ దేశపు జాటెట్స్ చుట్టుపక్కల దీన్ని ఏడు మీటర్ల ఎత్తు స్తంభాలకు కట్టిన తీగల మీదికి పాకిస్తారు. అక్కడి రైతులు తరతరాలుగా వాన నీటి మీదే ఆధారపడ్డారు. 2023లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఆ తోటల దశాబ్దాల లెక్కలు తీసి చూసింది. 1994కు ముందుతో పోలిస్తే పంట సుమారు ఇరవై రోజులు ముందే పక్వానికి వస్తోంది, దిగుబడి తగ్గింది, పువ్వులో చేదు కూడా తగ్గింది. 2050 నాటికి దిగుబడి 4 నుంచి 18 శాతం, చేదు 20 నుంచి 31 శాతం పడిపోవచ్చని అంచనా వేసింది.

అమెరికాలోని యాకిమా లోయలో ఏడాదికి పడే వాన 200 మిల్లీమీటర్లు మాత్రమే. అయినా ఆ దేశపు హాప్స్‌లో ఎక్కువ భాగం అక్కడే పండుతుంది. కొండల మీది మంచు కరిగిన నీరు కాలువల్లో వస్తుంది, అక్కడి నుంచి డ్రిప్పు గొట్టాల్లోకి వెళ్తుంది. ఎరువు కూడా ఆ నీటిలోనే కలిసి వేరు దగ్గరికి చేరుతుంది. ఇంకో సంగతి నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది. తీగ స్తంభం పైదాకా పాకే వారాల్లోనే నత్రజని అంతా ఇచ్చేస్తారు. పూత మొదలయ్యాక ఆపేస్తారు. ఆ తర్వాత కూడా ఇస్తే పువ్వు ఆలస్యమవుతుంది, బూడిద తెగులూ నల్లి పురుగూ ముసురుకుంటాయి. వాళ్లు నీటినీ ఎరువునూ ఒకే పనిగా చూస్తారు. ఇవ్వడం ఎంత ముఖ్యమో ఆపడం కూడా అంతే ముఖ్యమని వాళ్లకు తెలుసు.

మన దగ్గర ఈ విద్య తెలిసినవాళ్లు లేరా? ఉన్నారు. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష పందిళ్లు వేసిన రైతులు. అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పేరు వినగానే పాత హైదరాబాదీలకు ఇప్పటికీ నోరూరుతుంది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన స్థానం వెలిసిందంటే ఈ పంటకు ఇక్కడ ఎంత బలం ఉండేదో ఊహించుకోండి. ద్రాక్షకు ఏడాదిలో రెండుసార్లు కత్తిరింపు. వేసవి కత్తిరింపు తర్వాత కొత్త చిగుళ్లకు నీళ్లూ నత్రజనీ దండిగా ఇస్తారు. సుమారు నలభై రోజులు గడిచాక రెండూ తగ్గిస్తారు. ఎందుకంటే వచ్చే చలికాలపు గుత్తి ఆ రోజుల్లోనే, కంటికి కనిపించకుండా మొగ్గ లోపల తయారవుతుంది. అప్పుడు నీళ్లు ఎక్కువైతే ఆ మొగ్గ గుత్తి మాని తీగగా మారుతుంది. చెట్టు పచ్చగా, ఆరోగ్యంగా కళ్ల ముందు ఉంటుంది. రైతు మాత్రం చెయ్యి బిగబట్టుకుంటాడు. ఇలా ఆగగలగడాన్ని నేను గొప్ప నేర్పుగా లెక్కిస్తాను.

మిల్లీమీటరు అంటే లీటరు

ఇక మన మేడ మీదికి వద్దాం. నీటి లెక్కకు ఒక్క సూత్రం చాలు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. మే నెలలో హైదరాబాద్ ఎండకు పచ్చటి పంట మీద నుంచి రోజుకు ఏడెనిమిది మిల్లీమీటర్ల నీరు ఆవిరిగా పోతుంది. డిసెంబరులో అది నాలుగుకు దిగుతుంది. వానాకాలంలో మబ్బు పట్టిన రోజుల్లోనూ ఇంచుమించు అంతే.

మీ బీర పందిరి మీద ఆకు పరుచుకున్న జాగా టేపు పెట్టి కొలవండి. రెండు చదరపు మీటర్లు ఉంటే మే నెలలో రోజుకు దాదాపు 15 లీటర్లు కావాలి. డిసెంబరులో ఎనిమిది చాలు. అదే తీగ లేతగా, జానెడు ఎత్తున్నప్పుడు ఒకటి రెండు లీటర్లకు మించి తాగదు. గొట్టం చివర నిలబడి "చాలు" అనిపించేదాకా పోయడానికీ ఈ అంకెలకూ ఎంత తేడా ఉందో ఒకసారి బకెట్టుతో కొలిచి చూడండి.

మరి ఆ 15 లీటర్లు పట్టే చోటు ఉందా? 20 లీటర్ల పెయింటు డబ్బాలో మట్టి నింపితే, అందులో మొక్క తాగగలిగిన నీరు నాలుగు లీటర్ల దాకా నిలుస్తుంది. మిగతాది అడుగు చిల్లుల్లోంచి కారిపోతుంది, పోతూ పోతూ ఎరువును కూడా తీసుకుపోతుంది. మధ్యాహ్నానికే ఆ తీగ ఎండుతుంది. అందుకే బీర, సొర, కాకర పందిరికి 60 లీటర్లకు తగ్గని తొట్టి పెట్టండి, వేసవిలో నీటిని రెండు పూటలుగా విడగొట్టండి. ఇక్కడ ఒక హెచ్చరిక. 60 లీటర్ల తడిసిన మట్టి వంద కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే డాబా స్లాబుకు భారత ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు 150 కిలోల బరువునే లెక్కలోకి తీసుకుంటారు. తొట్లన్నీ నడిమధ్యన గుంపుగా పెట్టొద్దు, గోడల మీదా దూలాల మీదా బరువు పడేలా వరసలో పెట్టండి. పాత ఇల్లయితే ఇంజినీరుకు చూపించకుండా పందిరి మొదలెట్టొద్దు. కార్వాన్‌లో పాత మిద్దెలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

లెక్క ఉన్నా చూపు తప్పదు. మధ్యాహ్నం రెండున్నరకు సొర ఆకు గొడుగు ముడిచినట్టు కిందికి వాలిపోతుంది. అది చూసి చాలామంది పైపు అందుకుంటారు. మొదలు దగ్గర రెండు వేళ్లు లోపలికి దించి మట్టి తీసి పిసికి చూడండి. ఉండ కట్టి, వేలితో తడితే విరిగేట్టుంటే పదును సరిగ్గా ఉంది. ఆకు అంత ఎండకు వేరు తోడగలిగినదానికన్నా ఎక్కువ నీరు వదులుతోంది కాబట్టి వాలింది, అంతే. సాయంత్రం ఆరున్నరకు మళ్లీ నిటారుగా లేస్తుంది. అదే ఆకు తెల్లవారి ఆరింటికి కూడా వాలి ఉంటే ఒక్క నిమిషం ఆలస్యం చేయొద్దు. అయితే అప్పుడు కూడా ముందు మట్టి పిసకండి. మట్టి పొడిగా ఉంటే అది దాహం. మట్టి చిత్తడిగా ఉండి ఆకు వాలితే వేరు కుళ్లుతోంది. ఒకదానికి నీళ్లు పోయాలి, రెండోదానికి నీళ్లు ఆపాలి. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నీళ్లు పెట్టే వేళ పొద్దున. సాయంత్రం ఆకుల మీద పడిన తడి రాత్రంతా ఆరదు, దాంతో బూజు తెగులుకు దారి ఇచ్చినట్టే. వేసవిలో రెండో పూట తప్పదనుకుంటే నాలుగున్నర ప్రాంతంలో, ఆకు తడవకుండా మొదట్లో పెట్టండి.

నలుగురైదుగురు మనుషుల ఇంట్లో ఆరు తొట్లు దాటాయంటే చిన్న డ్రిప్పు వేసుకోవడం మేలు. ఓవర్‌హెడ్ ట్యాంకు తొట్ల కన్నా రెండు మీటర్ల ఎత్తున ఉంటే వచ్చే ఒత్తిడి చాలా తక్కువ. పొలాల్లో వాడే, ఒత్తిడిని సరిచేసుకునే రకం డ్రిప్పర్లు దానికి సరిగ్గా పనిచేయవు. మామూలు రకమో, తిప్పి సరిచేసుకునేవో తీసుకోండి. పెట్టె మీద గంటకు నాలుగు లీటర్లని రాసి ఉన్నా నమ్మొద్దు. డ్రిప్పర్ కింద సీసా పెట్టి పావుగంట కొలిచి, దాన్ని నాలుగుతో హెచ్చవేయండి. అదే మీ ఇంటి అసలు లెక్క. ట్యాంకు నుంచి వచ్చే గొట్టానికి జల్లెడ ఫిల్టరు పెట్టి, పదిహేను రోజులకోసారి గొట్టాల చివర మూతలు విప్పి నీళ్లు వదలండి. బోరు నీళ్ల తెల్ల పొర డ్రిప్పర్ నోళ్లను నెల రోజుల్లో మూసేయగలదు.

నీటి రకం గురించి క్లుప్తంగా చెబుతాను. నల్లా నీళ్లు దొరికినంత వరకు అవే మంచివి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఆకు అంచులు ముందుగా మాడతాయి. మట్టి మీద తెల్లటి పెచ్చు కనిపించినప్పుడు ఒకసారి నల్లా నీళ్లో వాన నీళ్లో ధారాళంగా పోసి అడుగు నుంచి కారనివ్వండి. ఉప్పు కడుక్కుపోతుంది. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు మొక్కలకు పోస్తే ఆదా అని చాలామంది అనుకుంటారు. ఆ నీటిలో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది, గచ్చు కడగడానికి వాడుకోండి. మూసీ నీరు గానీ, నాలా నీరు గానీ కూరగాయలకు వద్దు. నగరమంతా వదిలిన మురుగు అందులో ఉంది.

కొలిస్తే యూరియా ఇంతేనా!

గుడిమల్కాపూర్ కూరగాయల మార్కెట్లో చేవెళ్ల వైపు నుంచి బీర, కాకర తెచ్చే ఒక పెద్దాయన దగ్గర కార్వాన్ ఆవిడ ఒకరు గోడు వెళ్లబోసుకుంటుంటే విన్నాను.

"మా తీగ నిండా ఆకే తాతా, కాయ నిలుస్తలేదు. వారం వారం యూరియా ఏస్తనే ఉన్న."

"ఆకు నల్లగ నిగనిగలాడుతుందా?"

"మస్తు ఉంటది."

"యూరియా ఆపు బిడ్డా. పది దినాలు ఏం ఎయ్యకు. పూలల్ల ఆడిదెన్ని, మొగదెన్ని చూసినవా?"

"పదికి ఒక్కటి ఆడిది."

"మరింకేం. కడుపు నిండినదానికి కాయ మీద ధ్యాస ఎందుకుంటది?"

ఆయన చెప్పినదాంట్లో శాస్త్రమంతా ఉంది. నత్రజని ఎక్కువైనా, ఎండ మండినా, పగలు పొడవైనా బీర, సొర, కాకర తీగలకు మగ పూలు ఎక్కువ పూస్తాయి. బీర పువ్వు సాయంత్రం అయిదారు గంటలకు విచ్చుకుంటుంది. దాని కింద చిటికెన వేలి కొస అంత పిందె కనిపిస్తే అది ఆడ పువ్వు, సన్నటి కాడ ఒక్కటే ఉంటే మగ పువ్వు. మేడ మీద ఆ వేళకు పురుగులు రాకపోతే మగ పువ్వును తుంచి దాని పుప్పొడిని ఆడ పువ్వు మధ్యన మెల్లగా అద్దండి. పిందె నిలబడుతుంది. రెండు నుంచి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి మూడు గ్రాముల బోరాక్స్ కలిపి చల్లితే ఆడ పూలు పెరుగుతాయని మన వ్యవసాయ శాఖ ఎప్పటి నుంచో చెబుతోంది. గంధకం మందులు మాత్రం పాదు జాతి మీద చల్లొద్దు, ఆకు మాడుతుంది.

ఇక కొలత. పాదు జాతి కూరగాయలకు మన దగ్గర సిఫారసు ఎకరానికి 6 నుంచి 8 టన్నుల పశువుల ఎరువు, 32 నుంచి 40 కిలోల నత్రజని, అంతే భాస్వరం, 16 నుంచి 20 కిలోల పొటాష్. దీన్ని మేడ మీదికి తెద్దాం. ఎకరం అంటే నాలుగు వేల చదరపు మీటర్లు దాటుతుంది. చదరపు మీటరుకు వచ్చేది సుమారు తొమ్మిది గ్రాముల నత్రజని, అంటే ఇరవై గ్రాముల యూరియా. మీ పందిరి నాలుగు చదరపు మీటర్లయితే పంట కాలం మొత్తానికీ కావాల్సిన యూరియా ఎనభై గ్రాములు. ఒక చిన్న టీ గ్లాసులో పడుతుంది. నాలుగు నెలలకు అంతే! యూరియా 45 కిలోల బస్తా సబ్సిడీలో సుమారు 266 రూపాయలకు వస్తుంది. అంత చౌక కాబట్టే చెయ్యి అంత ధారాళంగా సాగుతుంది, పొలంలోనైనా మేడ మీదైనా.

ఆ ఎనభై గ్రాములనూ ఒకేసారి వేయొద్దు. విత్తనం పెట్టిన మూడు వారాల తర్వాత మొదలుపెట్టి వారానికి ఎనిమిది గ్రాములు, అంటే తలగొట్టిన రెండు టీస్పూన్లు, పది లీటర్ల నీటిలో కరిగించి పందిరి కింది తొట్లన్నిటికీ పంచండి. పది వారాలకు సరిపోతుంది. తీగ పందిరెక్కేటప్పుడు ఇది ముఖ్యం. పూత నిండుగా వచ్చాక యూరియా సగానికి తగ్గించి పొటాష్ వైపు తిరగండి. దానికి నీటిలో కరిగే పొటాష్ ఎరువు, 0-0-50 రకం గానీ, 13-0-45 రకం గానీ వారానికి టీస్పూను చాలు. భాస్వరం నీటితో పాటు అంతగా కదలదు కాబట్టి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌ను మొదట్లోనే మట్టిలో కలిపేయాలి. నాలుగు చదరపు మీటర్ల పందిరికి సుమారు 220 గ్రాములు.

డ్రిప్పులో ఎరువు ఇచ్చేటప్పుడు ముందు కొంతసేపు ఉత్త నీళ్లు పోనివ్వండి, మధ్యలో ఎరువు నీళ్లు, చివర మళ్లీ ఉత్త నీళ్లు. మొదటిది మట్టిని పదునుకు తెస్తుంది, చివరిది గొట్టాన్ని కడుగుతుంది. కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం ఎరువుతో గానీ, సల్ఫేటు ఎరువుతో గానీ ఒకే బకెట్టులో కలిపితే తెల్లటి మడ్డి కడుతుంది, డ్రిప్పర్లు మూసుకుపోతాయి. వేర్వేరు రోజుల్లో ఇవ్వండి.

పశువుల ఎరువు సంగతిలో కార్వాన్ వాళ్లు అదృష్టవంతులు. పక్కనే జియాగూడ మేకల, గొర్రెల మండి ఉంది. గొర్రె ఎరువు ఆవు పేడ ఎరువు కన్నా చాలా బలమైనది. కానీ పచ్చిది తెచ్చి నేరుగా తొట్టిలో వేస్తే ఆ వేడికి లేత వేరు కాలుతుంది. మూడు నెలలు మాగనివ్వండి. చేత్తో పట్టుకుంటే వాసన రాకుండా, టీ పొడిలా రాలాలి. అప్పుడు మట్టిలో పదో వంతు కలిపితే చాలు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో మిగిలిన బంతి, చామంతి రెక్కలు కూడా పోగుచేసి ఎండుటాకులతో పొరలు పొరలుగా మాగబెట్టుకోవచ్చు. దారాలూ ప్లాస్టిక్కూ ముందే ఏరేయండి.

ఎండలో ఎరువు, వానలో ఎరువు

మారిన వాతావరణంలో ఎక్కువ నష్టం చేసే అలవాట్లు రెండు ఉన్నాయి. ఎండిన మట్టి మీద ఎరువు వేయడం ఒకటి. యూరియాను మట్టి పైన చల్లి వదిలేస్తే మే వేడికి అందులో మంచి భాగం అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది, మిగిలింది వేరు దగ్గర ఉప్పై కూర్చుంటుంది. 40 డిగ్రీలు దాటిన వారంలో ఎరువు సగానికి తగ్గించండి, లేదా పూర్తిగా మానండి. ఆ వారం తీగ పెరగాలనుకోవడం లేదు, బతకాలనుకుంటోంది. మొదట్లో నాలుగు వేళ్ల మందం ఎండుటాకులు పరచండి, తొట్లను ఇటుకల మీదికి ఎత్తండి. పగలంతా కాలిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా సెగ వదులుతూనే ఉంటుంది, ఆ సెగ నేరుగా వేరుకు తగలకూడదు. పడమటి వైపు ఒక షేడ్‌నెట్ కడితే మధ్యాహ్నం పూట ఆకు వాలడం బాగా తగ్గుతుంది.

రెండోది వానకు ముందు ఎరువు. "రేపు వాన పడేట్టుంది, ఇవాళ ఎరువేస్తే బాగా పడుతుంది" అనే మాట తుంపర వానల కాలానికి సరిపోయేది. ఇప్పుడొచ్చే కుండపోతకు నత్రజని అంతా తొట్టి అడుగు నుంచి కారి డ్రైనేజీలో పడుతుంది. వాతావరణ శాఖ మేఘదూత్ యాప్‌లో అయిదు రోజుల అంచనా తెలుగులోనే చూడొచ్చు. భారీ వాన సూచన ఉంటే ఎరువు వాయిదా వేయండి. వాన వెలిశాక నీరు పూర్తిగా కారిపోయేదాకా, మట్టి మళ్లీ ఉండ కట్టి విరిగే పదునుకు వచ్చేదాకా ఆగండి. అప్పుడు సగం మోతాదుతో మొదలుపెట్టండి. ఆకు పసుపెక్కిందని కంగారుపడి చిత్తడి మట్టిలో యూరియా పోయొద్దు, ఊపిరాడని వేరు దాన్ని తీసుకోలేదు. వానాకాలానికి ముందే తొట్టి అడుగు చిల్లులు ఇనుప చువ్వతో పొడిచి చూడండి. డాబా నీళ్ల గొట్టం మూతిలో ఆకులు పేరుకోకుండా జాలీ బిగించండి.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఎలా? మేడ తలుపు పక్కన ఒక నోట్‌బుక్కు వేలాడదీయండి. తెల్లవారి ఆకు ఎలా ఉంది, మట్టి పదును ఎలా ఉంది, ఎన్ని లీటర్లు పోశారు. రోజుకు ఒక్క గీత. వారానికోసారి ఎన్ని ఆడ పూలు, ఏ ఎరువు ఎన్ని గ్రాములు. ఇంట్లో పిల్లలుంటే ఆ పని వాళ్లకు అప్పగించండి, పూలు లెక్కపెట్టడం వాళ్లకు ఇష్టం. నెల తిరిగేసరికి ఏ వారం ఎక్కువ పోశారో, దానికి తీగ ఏం జవాబిచ్చిందో మీ చేతిరాతలోనే కనిపిస్తుంది. ఆ తర్వాత మీకు నా అంకెలతో పని ఉండదు. మీ డాబాకు మీ అంకెలు వచ్చేస్తాయి. అవి నావాటి కన్నా నిజమైనవి. ఎందుకంటే మీ గోడ నీడ, మీ గాలి, మీ నల్లా వేళలు అన్నీ వాటిలో ఉంటాయి.

కాపు అయిపోయాక తీగను లాగి పారేసి అదే మట్టిలో వెంటనే మళ్లీ బీర గింజ పెట్టొద్దు. ముందు నల్లా నీళ్లతో ఒకసారి కడిగి, పేరుకున్న ఉప్పును కారనివ్వండి. వేసవి అయితే మట్టిని తడిపి, పలచటి ప్లాస్టిక్ కాగితం బిగించి కప్పి నెల రోజులు ఎండకు వదిలేయండి. తెగులు బీజాలు చాలావరకు ఆ వేడికే చస్తాయి. తర్వాత మాగిన గొర్రె ఎరువు పదో వంతు కలిపి, ఒక కాపు గోరుచిక్కుడో, మెంతికూరో వేయండి. వాటికి యూరియా అవసరం పెద్దగా పడదు, నీళ్లు కూడా పందిరి తాగినదాంట్లో సగమే సరిపోతాయి. ఆ కోత అయ్యాకే మళ్లీ తీగ.